నంబర్ లేని బ్యాటరీ బండి: రోడ్డెక్కే ముందు చూసుకోవాల్సినవి

మా బాపు రిటైరయ్యాక బ్యాటరీ స్కూటర్ కొన్నాడు. హన్మకొండలో ఒక షాపు. "లైసెన్స్ వద్దు, నంబర్ వద్దు, ఇన్సూరెన్స్ వద్దు, ఛార్జింగ్ పెట్టుకొని తిరగడమే" అన్నారట. నెల రోజులు బాగానే తిరిగాడు. నయీంనగర్ దగ్గర ట్రాఫిక్ పోలీసులు ఆపిన రోజు నాకు ఫోన్ వచ్చింది. నేను వెళ్లేసరికి ఎస్సై మర్యాదగానే అడుగుతున్నాడు.

"పెద్దాయనా, ఈ బండి ఎంత స్పీడు పోతది?"

"నలభై పోతది సార్. మంచిగ పోతది," అన్నాడు బాపు, ఎవరో బండిని మెచ్చుకున్నట్టు.

అక్కడితో కథ అయిపోయింది. నలభై పోయే బండికి లైసెన్స్ అక్కర్లేదని చట్టంలో ఎక్కడా లేదు. ఆ మాట బాపుకు షాపులో ఎవరూ చెప్పలేదు. పైగా మొదటి సర్వీసులో లోపల ఒక వైరు తీసేసి, "ఇప్పుడు స్పీడు పెరుగుతది చూడు తాతా" అని ఇచ్చింది కూడా వాళ్లే.

ఆ తర్వాత నేను రూల్స్ వెతికి చదివాను, ఆర్టీఏ ఆఫీసులో అడిగాను, బండి కింద పడుకొని కూడా చూశాను. ఈ వ్యాసం అందులోంచి వచ్చిందే. వరంగల్, హన్మకొండ, కాజీపేటలో గానీ, కరీంనగర్, జగిత్యాల, మంచిర్యాల వైపు గానీ ఎలక్ట్రిక్ బండి కొనాలనుకునేవాళ్లు, ఇప్పటికే కొని తిరుగుతున్నవాళ్లు ఈ వరుసలో చూసుకుంటూ పోతే సరిపోతుంది.

మొదట తేల్చుకోండి: మీది మోటారు వాహనమా, కాదా?

అన్నీ దీని మీదే ఆధారపడి ఉంటాయి కాబట్టి ఇక్కడ కొంచెం ఓపిక పట్టండి.

కేంద్ర మోటారు వాహనాల నిబంధనలు, 1989లో రూల్ 2(యు) అని ఒకటి ఉంది. బ్యాటరీ వాహనం అంటే ఏంటో చెప్పేది అదే. దాని ప్రకారం కొన్ని బ్యాటరీ బండ్లను అసలు మోటారు వాహనంగానే లెక్కించరు. అలా లెక్కించకూడదంటే మోటారు పవర్ 250 వాట్ల లోపు ఉండాలి, గరిష్ఠ వేగం గంటకు 25 కిలోమీటర్ల లోపు ఉండాలి. ఈ రెండూ నిజమేనని ప్రభుత్వం గుర్తించిన టెస్టింగ్ సంస్థ పరీక్షించి ధ్రువీకరించాలి. పుణెలోని ఏఆర్ఏఐ, మానేసర్‌లోని ఐక్యాట్ అలాంటి సంస్థలే.

పవర్ విషయంలో ఒక చిక్కుంది. చట్టం చూసేది మోటారు ఒక్క క్షణం ఎగదన్నే పవర్‌ను కాదు, అరగంట పాటు ఆగకుండా ఇవ్వగలిగే పవర్‌ను. షాపువాళ్లు చెప్పే "పీక్ పవర్" వేరు, సర్టిఫికెట్‌లో ఉండే "30 నిమిషాల పవర్" వేరు. మనం చూడాల్సింది రెండోదే.

తొక్కే సైకిల్‌కు మోటారు సాయం ఉంటే, అంటే పెడల్ అసిస్ట్ సైకిల్ అయితే, ఇంకో షరతు కలుస్తుంది. వేగం పెరిగేకొద్దీ మోటారు సాయం తగ్గుతూ రావాలి, 25కు చేరేసరికి పూర్తిగా ఆగిపోవాలి. మనం తొక్కడం ఆపితే అంతకంటే ముందే ఆగాలి. సరైన బ్రేకులు, ముందు తెల్ల రిఫ్లెక్టర్, వెనక ఎర్ర రిఫ్లెక్టర్ ఉండాలి.

ఈ షరతులన్నీ నెగ్గితే చట్టం దృష్టిలో అది సైకిల్ లాంటిదే. రిజిస్ట్రేషన్, నంబర్ ప్లేట్, లైసెన్స్, మోటారు ఇన్సూరెన్స్ ఏదీ తప్పనిసరి కాదు. వీటిలో ఏ ఒక్కటి తప్పినా అది పూర్తిస్థాయి మోటారు వాహనం. "కొంచెం ఎక్కువ పోతది, అంతే గదా" అనే మధ్య రకం చట్టంలో లేదు. 26 పోయే బండికీ, 80 పోయే బండికీ లైసెన్స్ రూల్ ఒక్కటే.

షోరూమ్‌లో ఏం అడగాలి, ఏం చూడాలి

"లైసెన్స్ వద్దు" అనే మాట నోటితో చెబితే సరిపోదు. టెస్టింగ్ సంస్థ ఇచ్చిన సర్టిఫికెట్ కాపీ చూపించమనండి. నిజంగా మినహాయింపు ఉన్న బండికి అది ఉండే తీరుతుంది. లేదంటే, "కంపెనీ నుంచి వస్తది, తర్వాత ఇస్త" అంటే, ఆ రోజుకు బయటికి వచ్చేయండి. నా మాట కటువుగా అనిపించొచ్చు కానీ, బాపు విషయంలో ఆ "తర్వాత" ఎప్పుడూ రాలేదు.

సర్టిఫికెట్ చేతికొస్తే అందులో మోడల్ పేరు, వేరియంట్ పేరు అక్షరం అక్షరం చూడండి. ఒకే పేరు మీద రెండు మూడు రకాలు ఉంటాయి. ఒకటి 25 లోపు, ఇంకోటి 45 పోయేది. సర్టిఫికెట్ మొదటిదానిది, అమ్మేది రెండోది అయితే ఆ కాగితం మనకు పనికిరాదు. తర్వాత బిల్లు. బిల్లు మీద అదే మోడల్ పేరు, మోటారు పవర్, ఫ్రేమ్ నంబర్, బ్యాటరీ సీరియల్ నంబర్ రాయించుకోండి. మినహాయింపు బండికి ఆర్‌సీ ఉండదు కాబట్టి, అది మీదేనని చెప్పే కాగితం ఆ బిల్లు ఒక్కటే. రేపు బండి పోతే పోలీస్ స్టేషన్‌లో కంప్లయింట్ ఇవ్వాలన్నా ఫ్రేమ్ నంబరే అడుగుతారు.

ఫ్రేమ్ మీద కంపెనీ అతికించిన ప్లేటు కూడా చూడండి. బాపు బండికి అది సీటు కింద, డిక్కీ పక్కన, వేలెడంత ఉంది. దుమ్ము తుడిచి ఫోన్ లైట్ వేసి చూస్తే గానీ అక్షరాలు కనబడలేదు. దాని మీద 250 అనే ఉంది. బిల్లు మీద పవర్ గడి ఖాళీగా ఉంది. మేమిద్దరం దాన్ని కొన్న రోజే చూసి ఉండాల్సింది.

ట్రయల్ ఇచ్చినప్పుడు ఫోన్‌లో జీపీఎస్ స్పీడ్ చూపించే యాప్ పెట్టుకోండి. బండి మీద మీటరు చూపించే అంకె కొంచెం అటూ ఇటూ ఉంటుంది, దాన్ని నమ్మలేం. ఫుల్ ఛార్జ్ ఉన్నప్పుడు చదును రోడ్డు మీద జీపీఎస్ 25 దాటి చూపిస్తే ఇంకేం అడగక్కర్లేదు. పెడల్ సైకిల్ అయితే తొక్కడం ఆపి చూడండి. మోటారు ఆగకుండా లాక్కుపోతుంటే అది పెడల్ అసిస్ట్ షరతు నెగ్గినట్టు కాదు.

ఆన్‌లైన్‌లో కిట్లు కొని మామూలు సైకిల్‌కు బిగించుకునేవాళ్లు ఈ మధ్య మా కాలనీలోనే ఇద్దరున్నారు. హబ్ మోటారు (చక్రంలోనే ఉండేది), కంట్రోలర్ (మోటారును అదుపు చేసే పెట్టె), చిన్న బ్యాటరీ. సరదాగానే ఉంటుంది. కానీ ఆ కిట్ 350 వాట్లదైనా, 30 పోయేదైనా చట్టం దృష్టిలో మోటారు వాహనం తయారు చేసినట్టే. దాన్ని రిజిస్టర్ చేయించుకుందామంటే, ఏ సంస్థా ఆమోదించని బండికి నంబర్ ఇవ్వరు. అంటే రోడ్డు మీద చట్టబద్ధంగా నడిపే దారే ఉండదు. పెట్రోలు స్కూటర్‌ను కరెంటుకు మార్చే కిట్లు వేరు సంగతి. వాటిలో ఆమోదం పొందినవి ఉన్నాయి. అవి బిగించాక ఆర్టీఏలో చెప్పి ఆర్‌సీలో మార్పు ఎక్కించుకోవాలి.

స్పీడ్ వైరు

ఎక్కువమంది తెలియకుండా దెబ్బతినేది ఇక్కడే. చాలా బండ్లలో కంట్రోలర్ నుంచి ఒక సన్న వైరు బయటికి వచ్చి, ఒక కనెక్టర్‌లో కలిసి ఉంటుంది. అది కలిసి ఉన్నంతసేపు 25 దగ్గర ఆగుతుంది. ఊడదీస్తే ఆగదు. మెకానిక్‌కు రెండు నిమిషాల పని. కొన్ని బండ్లలో వైరు కూడా అక్కర్లేదు, డిస్‌ప్లే బటన్లు నొక్కి సెట్టింగ్ మారుస్తారు.

ఆ రెండు నిమిషాల్లో జరిగేది ఏంటంటే, సైకిల్ లాంటి బండి మోటారు వాహనం అయిపోతుంది. మోటారు వాహనం అయ్యాక దానికి రిజిస్ట్రేషన్ లేదు (సెక్షన్ 39), నడిపేవాడికి లైసెన్స్ ఉండాలి (సెక్షన్ 3), ఇన్సూరెన్స్ లేదు (సెక్షన్ 146). ఒక్క వైరుతో ఇన్ని తప్పులు ఒకేసారి మీద పడతాయి. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం ప్రకారం లైసెన్స్ లేకుండా నడిపితే రూ.5,000 జరిమానా, రిజిస్ట్రేషన్ లేకపోతే మొదటిసారి రూ.2,000 నుంచి రూ.5,000, ఇన్సూరెన్స్ లేకపోతే రూ.2,000. లైసెన్స్, ఇన్సూరెన్స్ విషయాల్లో మూడు నెలల వరకు జైలు అనే మాట కూడా చట్టంలో ఉంది. రోడ్డు మీద వేసే చలాన్ మొత్తం రాష్ట్ర ప్రభుత్వం పెట్టిన రేట్లను బట్టి ఉంటుంది. కోర్టుకు వెళ్తే మాత్రం చట్టంలోని అంకెలే ముందుకొస్తాయి.

ఇప్పటికే వైరు తీయించుకున్నవాళ్లు చేయాల్సింది తేలికే. అదే మెకానిక్ దగ్గరికో, కంపెనీ సర్వీస్ సెంటర్‌కో వెళ్లి మళ్లీ కలిపించండి. జాబ్ కార్డు మీద "స్పీడ్ లిమిట్ పునరుద్ధరించాం" అని రాయించుకోండి. బాపు బండికి అలాగే చేయించాం. మొదటి వారం రోజులు "బండి జబ్బు పడ్డట్టుంది" అని గొణిగాడు. తర్వాత అలవాటైపోయింది.

25 దాటే బండి కొంటే

నిజానికి రోజూ కాజీపేట నుంచి వరంగల్ చౌరస్తా దాకా తిరిగేవాళ్లకు నేను చెప్పేది ఇదే: నంబర్ ఉండే బండే కొనుక్కోండి. ఆ ట్రాఫిక్‌లో 25 మీద పోతుంటే వెనక ఆటోవాళ్లు కొట్టే హారన్లకే సగం ప్రాణం పోతుంది. పైగా తెలంగాణలో ఖర్చు కూడా భయపడేంత లేదు. 2024 నవంబర్ 18 నుంచి 2026 డిసెంబర్ 31 దాకా రాష్ట్రంలో రిజిస్టర్ అయ్యే ఎలక్ట్రిక్ వాహనాలకు రోడ్ ట్యాక్స్, రిజిస్ట్రేషన్ ఫీజు పూర్తిగా మినహాయించారు. 2020 పాలసీలో మొదటి 2 లక్షల టూవీలర్లకే అని లెక్క ఉండేది. ఇప్పుడు ఆ లెక్క లేదు. కాబట్టి బిల్లులో "లైఫ్ ట్యాక్స్" అని గీత కనబడితే ఎందుకని అడగండి.

కొన్నప్పుడు షోరూమ్‌లో తాత్కాలిక రిజిస్ట్రేషన్, అదే టీఆర్, ఇస్తే దాన్ని జాగ్రత్తగా చూసుకోండి. గడువు దాని మీదే ఉంటుంది. అది దాటకముందే శాశ్వత నంబర్ పని పూర్తి చేసుకోవాలి. హన్మకొండ జిల్లా వాళ్లకు టీజీ 03, వరంగల్ జిల్లాకు టీజీ 24, కరీంనగర్‌కు టీజీ 02. ప్లేటు ఆకుపచ్చ, అక్షరాలు తెలుపు. అద్దెకు, టాక్సీకి తిప్పే వాహనమైతే అదే ఆకుపచ్చ మీద పసుపు అక్షరాలు.

ఇక్కడ ఒక పిచ్చి పని గురించి చెప్పాలి. మినహాయింపు బండికి కొందరు అందంగా ఉంటుందని ఆకుపచ్చ ప్లేటు చేయించి, దాని మీద బండి పేరో, ఇంటిపేరో రాయించుకుంటున్నారు. చూసే పోలీసుకు అది నంబర్ దాచిన రిజిస్టర్డ్ బండిలా కనిపిస్తుంది. తీసేయండి.

ఇన్సూరెన్స్ విషయానికొస్తే, కొత్త టూవీలర్‌కు ఐదేళ్ల థర్డ్ పార్టీ పాలసీ ఒకేసారి తీసుకోవాలి. సుప్రీంకోర్టు చెప్పాక 2018 సెప్టెంబర్ నుంచి ఇది నడుస్తోంది. ఈ బండ్లకు సీసీ ఉండదు కాబట్టి ప్రీమియం మోటారు కిలోవాట్లను బట్టి ఉంటుంది. పొల్యూషన్ సర్టిఫికెట్ అక్కర్లేదు. పొగే లేదు కదా. కొన్నప్పుడు బీఐఎస్ మార్కు ఉన్న హెల్మెట్ కూడా ఇవ్వాలని రూల్ ఉంది, అడిగి తీసుకోండి.

లైసెన్స్‌లో చాలామంది పడే పొరపాటు ఒకటుంది. కారు లైసెన్స్ ఉంది కదా, స్కూటర్‌కు ఎందుకు అనుకుంటారు. చెల్లదు. కారుకు వేరు, టూవీలర్‌కు వేరు. మోటార్‌సైకిల్ లైసెన్స్ ఉన్నవాళ్లకు ఎలక్ట్రిక్ స్కూటర్ కోసం కొత్తది అక్కర్లేదు. అసలే లేనివాళ్లు ఆన్‌లైన్‌లో స్లాట్ బుక్ చేసుకొని ఎల్‌ఎల్‌ఆర్, అంటే లెర్నర్ లైసెన్స్, తీసుకోవాలి. అది ఆరు నెలలు ఉంటుంది, నెల దాటాక డ్రైవింగ్ టెస్టుకు వెళ్లొచ్చు.

పిల్లల చేతికి ఇచ్చే ముందు

హన్మకొండలో ఇంటర్ కాలేజీలు వదిలే టైముకు ఒకసారి నిలబడి చూడండి. నంబర్ లేని బండ్ల మీద ముగ్గురేసి పిల్లలు. అసలైన మినహాయింపు బండికి మోటారు వాహనాల చట్టంలో వయసు పరిమితి లేదు, నిజమే. కానీ ఆ బండి 40 పోతుంటే అది మోటారు వాహనం, నడిపేది మైనర్. అప్పుడు సెక్షన్ 199ఎ వస్తుంది. అది పిల్లాడి మీదే కాదు, తల్లిదండ్రుల మీద లేదా బండి యజమాని మీద కూడా. పెద్దవాళ్లకు మూడేళ్ల వరకు జైలు, రూ.25,000 జరిమానా. ఆ పిల్లాడికి 25 ఏళ్లు వచ్చేదాకా లైసెన్స్ ఇవ్వరు. ఇంజినీరింగ్ అయిపోయి ఉద్యోగంలో చేరినా బైక్ నడపలేడన్నమాట.

16 ఏళ్లకే లైసెన్స్ వస్తుందని కొందరు వాదిస్తారు. చట్టంలో ఆ వెసులుబాటు 50 సీసీ లోపు ఇంజిన్ ఉన్న బండికి రాసింది. దాన్ని పట్టుకొని 40 పోయే బ్యాటరీ స్కూటర్ ఇవ్వొద్దు.

రోడ్డు మీద

"మా గల్లీలోనే తిరుగుతం" అనే మాట పనిచేయదు. చట్టంలో పబ్లిక్ ప్లేస్ అంటే జనం వెళ్లే హక్కున్న ఏ జాగైనా. గల్లీ, మార్కెట్ యార్డు, గుడి ముందు ఖాళీ స్థలం అన్నీ అందులోకే వస్తాయి.

నంబర్ బండి మీద నడిపేవారికి, వెనక కూర్చున్నవారికి ఇద్దరికీ హెల్మెట్ తప్పనిసరి. నాలుగేళ్లు దాటిన పిల్లలకు కూడా. మినహాయింపు బండికి ఆ రూల్ వర్తించదు కానీ, ములుగు రోడ్డు మీద ఇసుక లారీ పక్క నుంచి పోయేటప్పుడు రూల్ గుర్తుకు రాదు, తలకాయ గుర్తుకొస్తుంది. బాపుకు నేను పెట్టిన షరతు అదొక్కటే.

మినహాయింపు బండి అంటే ఏ చట్టమూ వర్తించదని కాదు. నిర్లక్ష్యంగా నడిపి ఎవరినైనా గుద్దితే భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 281 వర్తిస్తుంది. అది "ఏ వాహనమైనా" అంటుంది, సైకిల్‌తో సహా. ఎదుటివాళ్లకు దెబ్బలు తగిలితే, ప్రాణం పోతే వేరే సెక్షన్లు. పైగా ఈ బండికి ఇన్సూరెన్స్ లేదు కాబట్టి నష్టపరిహారం మన జేబులోంచే కట్టాలి. ఈ మాట ఏ షాపులోనూ చెప్పరు. కొన్ని ఇన్సూరెన్స్ కంపెనీల దగ్గర వ్యక్తిగత ప్రమాద పాలసీలు ఉంటాయి, చూసుకోండి.

జాతీయ రహదారుల మీద, అంటే హైదరాబాద్ వైపు వెళ్లే 163 గానీ, కరీంనగర్ వెళ్లే 563 గానీ, 25 లోపు బండి తీసుకెళ్లకపోవడమే మంచిది. తప్పదంటే ఎడమ అంచున, సర్వీస్ రోడ్డు ఉంటే దాని మీద. రాంగ్ రూట్‌లో నాలుగడుగులే కదా అని పోవద్దు. ఈ బండికి చప్పుడు ఉండదు, ఎదురొచ్చేవాడు చూసుకోడు.

పోలీసు ఆపితే

ముందు బండి పక్కకు తీసి ఆపండి. నంబర్ బండి అయితే ఆర్‌సీ, లైసెన్స్, ఇన్సూరెన్స్ చూపించాలి. ఆర్టీఏ ఎం-వాలెట్‌లో గానీ, డిజీలాకర్‌లో గానీ ఉన్నా చెల్లుతాయి.

మినహాయింపు బండి అయితే సర్టిఫికెట్ కాపీ, బిల్లు చూపించండి. బాపు ఇప్పుడు ఆ రెండింటినీ లామినేషన్ చేయించి డిక్కీలో పెట్టుకుంటున్నాడు. షాపు ఇవ్వని సర్టిఫికెట్‌ను కంపెనీకి మెయిల్ పెట్టి తెప్పించుకున్నాం, పదిహేను రోజులు పట్టింది. "నాది సైకిల్ లెక్క, నన్నెట్ల ఆపుతవ్" అని గొడవకు దిగొద్దు. బండి 25 లోపుదో కాదో చూసి చెప్పలేక వాళ్లూ అడుగుతారు. అనుమానం ఉంటే రిజిస్ట్రేషన్ లేని వాహనాన్ని సెక్షన్ 207 కింద పట్టి ఉంచే అధికారం వాళ్లకు ఉంది. అలా జరిగితే రసీదు అడిగి తీసుకోండి, కాగితాలతో వెళ్లి విడిపించుకోండి.

ఇంట్లో ఛార్జింగ్

ఇంటి కరెంటు కనెక్షన్‌తోనే సొంత బండికి ఛార్జింగ్ పెట్టుకోవచ్చు. కరెంటు సంస్థ ఎన్‌పీడీసీఎల్ దగ్గర వేరే మీటరు అక్కర్లేదు. కానీ జాగ్రత్త. 2022 ఏప్రిల్‌లో నిజామాబాద్‌లో ఒక ఇంట్లో రాత్రి ఛార్జింగ్ పెట్టిన బ్యాటరీ పేలి ఒక వృద్ధుడు చనిపోయాడు. ఆ ఏడాది దేశంలో ఇలాంటి సంఘటనలు వరుసగా జరగడంతోనే రిజిస్టర్డ్ ఎలక్ట్రిక్ బండ్ల బ్యాటరీలకు ఏఐఎస్-156 ప్రమాణాన్ని గట్టి చేశారు. కొత్త నిబంధనల్లో కొన్ని 2022 డిసెంబర్ నుంచి, మిగతావి 2023 మార్చి చివరి నుంచి అమల్లోకి వచ్చాయి. అంతకుముందు తయారైన సెకండ్ హ్యాండ్ బండి కొంటే ఈ తేదీలు గుర్తుంచుకోండి. కంపెనీ ఛార్జర్ తప్ప వేరేది వాడొద్దు, పడుకునే గదిలో పెట్టొద్దు.

సెకండ్ హ్యాండ్‌లో కొన్నా, అమ్మినా

నంబర్ బండి అయితే ఫారం 29, ఫారం 30 మీద సంతకాలు చేసి ఆర్టీఏలో పేరు మార్పించాలి. అమ్మేశాం కదా అని వదిలేస్తే, కొత్తవాడు చేసిన తప్పుల చలాన్లు మీ ఫోన్‌కే వస్తాయి. మినహాయింపు బండికి ఆర్‌సీ లేదు కాబట్టి పాత బిల్లు ఒరిజినల్, సర్టిఫికెట్ కాపీ, ఫ్రేమ్ నంబర్ రాసిన అమ్మకం కాగితం మూడూ చేతులు మారాలి. బిల్లు పోయిందంటే కొనొద్దు, దొంగ బండి కావచ్చు. కొన్నవెంటనే స్పీడ్ వైరు కూడా చూసుకోండి. పాత ఓనరు తీయించి ఉంటే పట్టుబడేది ఇప్పుడు నడిపేవాడే.

బ్యాటరీ అయిపోతే పాత ఇనుప సామాన్లవాడికి వేయొద్దు. 2022 బ్యాటరీ వ్యర్థాల నిబంధనల ప్రకారం దాన్ని మిగతా చెత్తతో కలపకుండా విడిగా సేకరణకు ఇవ్వాలి. వాటిని తిరిగి సేకరించే బాధ్యత తయారీదారులది. కొత్త బ్యాటరీ కొనేచోట పాతది తీసుకుంటారా, ఎంత తగ్గిస్తారు అని ముందే అడగండి. బాపు అడిగితే రూ.1,500 అన్నారట. "గంతేనా" అని ఇంటికి తెచ్చుకున్నాడు. ఇప్పుడది మా మెట్ల కింద ఉంది. ఈ ఆదివారం నేనే తీసుకెళ్లి ఇచ్చి రావాలి.